బనీ ఇస్రాయీల్ తహారత్: తౌరాత్ నుంచి దస్తర్‌ఖాన్ దాకా



మన ఇళ్లల్లో పిల్లలకు దీన్ నేర్పేటప్పుడు మొదటి పాఠం తహారతే. వుజూ ఎలా చేయాలి, గుస్ల్‌లో ఫర్జ్‌లు ఎన్ని, నీళ్లు దొరకనప్పుడు ఏం చేయాలి... ఇవన్నీ నేర్చుకున్నాక తెలివైన పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు: "మనకంటే ముందు వచ్చిన ఉమ్మత్‌లు కూడా వుజూ చేసేవాళ్లా?"

ఈ ప్రశ్నకు మన మొహల్లాల్లో రెండు రకాల జవాబులు వినబడుతుంటాయి. వాళ్ల దగ్గర అసలు పాకీ నాపాకీ అనే లెక్కే లేదనేది ఒకటి. అంతా అచ్చం మనలాగే ఉండేదనేది రెండోది. రెండూ తొందరపాటు జవాబులే. ఈ తారీఖ్ నేను కొంతకాలంగా చదువుతున్నాను. చదివేకొద్దీ నాకు తేలిందేమిటంటే, తహారత్ గురించి యూదులు రాసుకున్నంత, తర్కించుకున్నంత చేసిన ఉమ్మత్‌లు దునియాలో చాలా తక్కువ. వాళ్ల ఫిఖ్హ్ గ్రంథం మిష్నాను సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా హన్నాసీ కూర్చాడు. అందులో ఆరు భాగాలుంటే ఒక భాగం మొత్తం తహారత్ మసాయిలే. ఆ ఒక్క భాగంలోనే 12 గ్రంథాలున్నాయి.

ఈరోజు ఆ తారీఖ్‌నే మీ ముందు పెడుతున్నాను. ఎవరి దీన్ గొప్పదనే బహస్ ఇక్కడ లేదు. ఒక ఉమ్మత్ తన రబ్ ముందు నిలబడేందుకు ఎలా తయారయ్యేది, ఆ నిలబడే చోటే నేలమట్టమైనప్పుడు ఏం చేసింది అన్నదే నా మాట.

మాటల్లోనే చుట్టరికం

ముందు పదాలు చూద్దాం. మనం తహారత్ అంటాం, యూదులు హీబ్రూలో తహరా అంటారు. మూలం ఒక్కటే. మనం బైతుల్ మఖ్దిస్ అనేదాన్ని వాళ్లు బైత్ హమిక్దాష్ అంటారు. మన తౌబాకు అరామిక్ భాషలో దగ్గరి చుట్టం ఉంది, హీబ్రూలో అది తెషువా. అన్నిటికీ అర్థం ఒక్కటే, తిరిగి రావడం. హీబ్రూ, అరామిక్, అరబీ ఒకే కుటుంబపు భాషలు కాబట్టి ఇది వింతేమీ కాదు. కానీ ఒక హెచ్చరిక. మాట ఒక్కటైనంత మాత్రాన మసలా ఒక్కటి కాదు. వాళ్ల యాజకుణ్ణి కోహెన్ అంటారు. అదే మూలం నుంచి వచ్చిన అరబీ కాహిన్ అంటే జోస్యం చెప్పేవాడు. అన్నదమ్ముల్లాంటి రెండు మాటలు, నడిచిన దారులు వేరు.

కొండ దగ్గర మూడు రోజులు

తౌరాత్‌లో రూహానీ తయారీకి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ సీనా కొండ దగ్గరిది. నిర్గమకాండం 19వ అధ్యాయంలో ఉంది. ఈజిప్టు నుంచి బయటపడ్డ ఖౌమ్ కొండ దిగువన డేరాలు వేసుకుంది. అల్లాహ్ కలామ్ వినడానికి ముందు వాళ్లను సిద్ధం చేయమని హజ్రత్ మూసా (అ.స.)కు హుకుం వచ్చింది. ఈరోజు, రేపు పరిశుద్ధులు కావాలి, బట్టలు ఉతుక్కోవాలి, మూడో రోజుకు సిద్ధంగా ఉండాలి. కొండ చుట్టూ హద్దు వేయాలి, ఎవరూ దాన్ని తాకకూడదు. ఆ రోజుల్లో భార్యాభర్తలు కూడా దూరంగా ఉండాలి.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. తౌరాత్‌లో ఈ తయారీ హుకుం ఉమ్మత్ మొత్తానికి వచ్చింది, ఏ ఒక్క వంశానికో కాదు. బట్టలు ఉతకమనే మాటే అక్కడ కనబడుతుంది కానీ, బట్టలు ఉతికినవాళ్లు ఒళ్లు కడుక్కోకుండా ఉంటారా అని తర్వాతి ఉలమా తర్కించారు. అలా గుస్ల్ కూడా ఆ హుకుంలో భాగమేనని తేల్చారు. ఈనాటికీ ఎవరైనా యూదు మతం స్వీకరిస్తే నీళ్లలో పూర్తిగా మునగాలి. ఒడంబడికలోకి వచ్చే ప్రతి మనిషీ తన వంతుగా సీనా కొండ ముందు నిలబడుతున్నాడన్నది దాని వెనుక భావం.

ఇత్తడి గంగాళం

సీనా తర్వాత ఇబాదత్‌కు ఒక చోటు ఏర్పడింది. ఖౌమ్‌తో పాటు ప్రయాణించే ప్రత్యక్షపు గుడారం అది. గుడారానికీ ఖుర్బానీ చేసే బలిపీఠానికీ మధ్య ఒక ఇత్తడి గంగాళం పెట్టి, నీళ్లు నింపమని హుకుం. హజ్రత్ హారూన్ (అ.స.), ఆయన కొడుకులు లోపలికి వెళ్లే ముందు, బలిపీఠం దగ్గరికి వెళ్లే ముందు చేతులు, కాళ్లు కడుక్కోవాలి. కడుక్కోకుండా వెళ్తే ప్రాణం పోతుందని తౌరాత్ గట్టిగా చెబుతుంది. మన వుజూకు పాత కితాబుల్లో దగ్గరి పోలిక వెతికితే ఇదే దొరుకుతుంది. కాకపోతే ఇక్కడ ఈ హుకుం యాజకులకు మాత్రమే, సామాన్య జనానికి కాదు.

ఆ గంగాళం దేనితో చేశారో కూడా తౌరాత్ చెబుతుంది. గుడారం ద్వారం దగ్గర సేవ చేసే స్త్రీలు ఇచ్చిన అద్దాలతో. ఆ రోజుల్లో అద్దాలంటే గాజు కాదు, మెరుగుపెట్టిన లోహపు పలకలు. ముఖం చూసుకుని ముస్తాబయ్యే వస్తువును కరిగించి, రబ్ ముందుకు వెళ్లేందుకు చేతులు కడుక్కునే పాత్ర చేశారు.

నాపాకీ అంటే గునాహ్ కాదు

లేవీయకాండం 11 నుంచి 15 దాకా ఉన్న అధ్యాయాల్లో పాకీ నాపాకీ మసాయిల్ వివరంగా ఉన్నాయి. ఏ జంతువులు తినవచ్చు, ప్రసవం తర్వాత ఎన్ని రోజులు, చర్మానికి మచ్చలు వస్తే ఏం చేయాలి, హైజ్ సంగతేమిటి, వీర్యస్ఖలనం జరిగితే ఏమిటి... అన్నీ ఉన్నాయి. స్ఖలనం జరిగిన మగవాడు ఒళ్లంతా నీళ్లతో కడుక్కోవాలి. అంతవరకూ మన జనాబత్ గుస్ల్ లాంటిదే. తేడా ఏమిటంటే, కడుక్కున్నాక కూడా అతను పొద్దు గూకేదాకా నాపాక్‌గానే ఉంటాడు. మనకు గుస్ల్ అయిపోతే పని అయిపోయినట్టే. వాళ్లకు నీళ్లతో పాటు మగ్రిబ్ కూడా రావాలి.

ప్రసవం విషయంలో మగబిడ్డ పుడితే మొత్తం 40 రోజులు, ఆడబిడ్డ పుడితే 80 రోజులు. మన హనఫీ ఫిఖ్హ్‌లో నిఫాస్‌కు గరిష్ఠ గడువు 40 రోజులే. బిడ్డ ఆడైనా మగైనా లెక్క మారదు.

ఇదంతా చదివితే ఆడవాళ్లను, రోగులను పాపుల కింద జమకట్టారా అనే అనుమానం వస్తుంది. అది సరికాదు. తౌరాత్‌లో తుమా, అంటే నాపాకీ, ఒక స్థితి. అది నేరం కాదు. బిడ్డను కనడం బరకత్, అయినా దాని తర్వాత తహారత్ కావాలి. తల్లిదండ్రుల మయ్యత్‌ను మోయడం పుణ్యకార్యం, అయినా శవాన్ని తాకినవాడు ఏడు రోజులు నాపాక్. మంచి పని చేసినవాడికి కూడా నాపాకీ వస్తుందంటే అది గునాహ్ ఎలా అవుతుంది? లేవీయకాండం మీద పెద్ద వ్యాఖ్యానం రాసిన యాకోబ్ మిల్గ్రోమ్ (1923-2010) అనే పండితుడు ఒక వివరణ ఇచ్చాడు. శవం, రక్తం పోవడం, బీజం పోవడం, చర్మం కుళ్లడం అన్నీ ఏదో రకంగా మౌత్‌ను గుర్తుచేసేవే. ప్రాణమిచ్చే రబ్ సన్నిధికి వచ్చేవాడు ఆ మౌత్ నీడను దులుపుకుని రావాలి. ఈ వివరణ అన్ని మసాయిల్‌కూ సరిపోతుందా అని పండితుల్లో ఇఖ్తిలాఫ్ ఉంది కానీ, చాలా చిక్కుముడులు దీనితో విడిపోతాయి.

హైజ్ విషయంలో మాత్రం ఆచరణ చాలా కఠినంగా ఉండేది. మదీనాలో యూదులు ఆ రోజుల్లో ఆడవాళ్లతో కలిసి భోజనం చేసేవాళ్లు కాదని హజ్రత్ అనస్ (రజి.) రివాయత్ సహీహ్ ముస్లింలో ఉంది. సహాబాలు దాని గురించి అడిగినప్పుడు సూరె బఖరా ఆయత్ నాజిల్ అయ్యింది. దాంపత్యం తప్ప మిగతా జీవితమంతా మామూలుగానే గడపవచ్చని హుజూర్ (స.అ.సం.) స్పష్టం చేశారు. రెండు షరీఅత్‌లు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఎర్ర ఆవు

శవాన్ని తాకినవాడి నాపాకీ పోవడానికి మామూలు నీళ్లు చాలవు. సంఖ్యాకాండం 19వ అధ్యాయం ఒక విచిత్రమైన విధానం చెబుతుంది. మచ్చలేని, ఎన్నడూ కాడి మోయని ఎర్ర ఆవును ఊరి బయట కోసి, పూర్తిగా కాల్చి, ఆ బూడిదను పారే నీళ్లలో కలపాలి. ఆ నీళ్లు మూడో రోజూ ఏడో రోజూ చల్లితే మనిషి పాక్ అవుతాడు. చిత్రం ఏమిటంటే, ఆ బూడిదను తయారుచేసినవాళ్లు మాత్రం నాపాక్ అవుతారు. నాపాక్ అయినవాణ్ణి పాక్ చేసేదే పాక్‌గా ఉన్నవాణ్ణి నాపాక్ చేస్తుంది!

సూరె బఖరాలోని ఆవు కథతో దీన్ని కలిపేయకండి. మన ఖుర్ఆన్‌లో ఉన్నది పసుపు రంగు ఆవు, సందర్భం ఒక హత్య. దానికి తౌరాత్‌లో దగ్గరి పోలిక ద్వితీయోపదేశకాండం 21లో ఉంది. చంపినవాడెవడో తెలియని శవం పొలంలో దొరికితే, దగ్గరి ఊరి పెద్దలు ఒక పెయ్యను వాగు దగ్గరికి తీసుకెళ్లి దాని మెడ విరిచి, దాని మీద చేతులు కడుక్కుని, ఈ రక్తం మా చేతులు చిందించలేదని సాక్ష్యం చెప్పాలి. అక్కడ కూడా నీళ్లున్నాయి. కానీ ఆ నీళ్లు మురికి కడగడానికి కాదు, ఊరి పెద్దల జవాబ్‌దారీకి గుర్తు.

ఎర్ర ఆవు బూడిద సంగతి ఉలమాను బాగా ఇబ్బంది పెట్టింది. క్రీ.శ. మొదటి శతాబ్దపు పెద్ద ఆలిమ్ యోహనాన్ బెన్ జక్కాయ్ గురించి ఒక రివాయత్ ఉంది. ఇది జాదూలా ఉందే అని ఒక అన్యమతస్థుడు ఆయన్ని అడిగాడు. దయ్యం పట్టినవాడికి మీరు చేసే వైద్యం లాంటిదే అనుకో అని చెప్పి పంపేశాడాయన. అతను వెళ్లాక షాగిర్దులు పట్టుకున్నారు. అతనికి గడ్డిపరక అందించి పంపారు సరే, మాకేం చెబుతారు అన్నారు. ఆయన జవాబు సారాంశం ఇది: శవానికి నాపాక్ చేసే శక్తి లేదు, నీళ్లకు పాక్ చేసే శక్తి లేదు. ఇది రాజాధిరాజు హుకుం, అంతే. నాకు ఈ రివాయత్ చాలా ఇష్టం. నీళ్లలో మహిమ ఉందనే నమ్మకాన్ని ఆయన ఒక్క మాటతో తీసేశాడు. మిగిలింది ఇతాఅత్ ఒక్కటే.

ఏడు రోజులు, అయిదు మునకలు

యూదుల సంవత్సరంలో అన్నిటికంటే పవిత్రమైన రోజు యోమ్ కిప్పూర్, అంటే కఫ్ఫారా దినం. బైతుల్ మఖ్దిస్ నిలిచి ఉన్న కాలంలో ఆ ఒక్క రోజే, ఒక్క ప్రధాన యాజకుడే, అత్యంత పవిత్రమైన లోపలి గదిలో అడుగుపెట్టేవాడు. ఆయన తయారీ గురించి మిష్నా చెప్పే వివరాలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

ఏడు రోజుల ముందే ఆయన్ని ఇంటి నుంచి తీసుకొచ్చి ప్రత్యేకమైన గదిలో ఉంచేవాళ్లు. పెద్దలు ఆయన ముందు ఆ రోజు చేయవలసిన పనులు చదివి వినిపించేవాళ్లు. చెప్పిన పద్ధతి మార్చకూడదని ఆయన చేత ప్రమాణం చేయించేవాళ్లు. ఆ ప్రమాణం అయ్యాక ఆయన పక్కకు తిరిగి ఏడ్చేవాడు, పెద్దలూ పక్కకు తిరిగి ఏడ్చేవాళ్లు. తమను అనుమానించారని ఆయనకు బాధ, అనుమానించవలసి వచ్చిందని వాళ్లకు బాధ. ఆ రాత్రంతా నిద్రపోకూడదు. ఆలిమ్ అయితే తనే ప్రసంగించాలి, కాకపోతే ఆయన ముందు అయ్యూబ్ (అ.స.) గ్రంథం లాంటివి చదివేవాళ్లు. కునుకు పడితే కుర్ర యాజకులు చిటికెలు వేసి, చల్లటి నేల మీద నిలబడమనేవాళ్లు.

తెల్లవారాక ఆ రోజు మొత్తంలో అయిదు సార్లు నీళ్లలో మునక, పది సార్లు చేతులు కాళ్లు కడగడం. రోజూ తొడిగే బంగారు అలంకారాల వస్త్రాలు తీసేసి, లోపలికి వెళ్లేటప్పుడు తెల్లని నార బట్టలే కట్టాలి. ఆయన ముసలివాడో, నలతగా ఉన్నాడో అయితే చన్నీళ్ల చలి విరగడానికి వేడినీళ్లు కలిపేవాళ్లు. ఇంత కఠినమైన నియమాల మధ్య ఒక ముసలాయన చలి గురించి ఆలోచించి దాన్ని కూడా కితాబులో రాసిపెట్టారు.

రాళ్లు చెప్పే సాక్ష్యం

ఇదంతా కాగితం మీది మాటేనా? కాదు. యూదులు మునిగే నీళ్లగుంటను మిక్వే అంటారు. అంటే నీళ్లు చేరిన చోటు. వర్షపు నీళ్లో, ఊటనీళ్లో తమంతట తాము వచ్చి చేరాలి. చేదతో తోడి పోసిన నీళ్లు లెక్కలోకి రావు. కనీస పరిమాణం 40 సెఆలు. ఆ పాత కొలతను ఒక లెక్కలో సుమారు 330 లీటర్లంటారు, కఠినంగా లెక్కించేవాళ్లు 570 దాటిస్తారు. ఒంటికీ నీళ్లకూ మధ్య ఉంగరం, మైనం, పిండి మరక లాంటి అడ్డు ఏదీ ఉండకూడదు. నెయిల్ పాలిష్ ఉంటే గుస్ల్ అవుతుందా అని మన ఆడవాళ్లు అడిగే మసలాను వాళ్ల ఆడవాళ్లూ అడుగుతారు.

బైతుల్ మఖ్దిస్ దక్షిణ గోడ దగ్గర 1968 నుంచి బెంజమిన్ మజార్ తవ్వకాలు జరిపినప్పుడు, రాతిలో తొలిచిన మెట్ల గుంటలు అనేకం బయటపడ్డాయి. కొన్నింటి మెట్ల మధ్య చిన్న అడ్డుగోడ ఉంది. నాపాక్‌గా దిగే దారి ఒకటి, పాక్ అయి ఎక్కే దారి ఇంకొకటి అని పరిశోధకుల అంచనా. అలాంటి గుంటలు ఆ దేశంలో వందల సంఖ్యలో దొరికాయి. 1963-65లో మసాదా కొండకోట మీద యిగాయెల్ యాదిన్ తవ్వకాల్లో ఒక మిక్వే దొరికితే, రబ్బీలు కొండెక్కి వచ్చి కొలతలు తీసుకుని, షరతుల ప్రకారమే ఉందని తేల్చారు. దాదాపు 1900 ఏళ్ల నాటి గుంట, ఈనాటి ఫిఖ్హ్ పరీక్షలో నెగ్గింది!

1947 నుంచి బహర్-ఎ-మయ్యిత్ ఒడ్డున ఖుమ్రాన్ గుహల్లో పాత చర్మపు చుట్టలు దొరికాయి. వాటిని దాచినవాళ్లు తహారత్‌లో అందరికంటే కఠినులు. వాళ్ల జమాఅత్ నియమావళిలో ఒక మాట స్పష్టంగా ఉంది. మొండితనం విడిచి తౌబా చేయనివాణ్ణి సముద్రాలు, నదులు కూడా పాక్ చేయలేవని దాని సారాంశం. ఇంచుమించు ఆ కాలంలోనే హజ్రత్ యహ్యా (అ.స.) జోర్డాన్ నది దగ్గర జనాన్ని నీళ్లలో ముంచేవారు. ఆ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ ఆయన గురించి రాస్తూ, ముందు నీతితో రూహ్ శుద్ధి కావాలని, ఆ తర్వాతే నీళ్లు శరీరాన్ని శుద్ధి చేస్తాయని ఆయన బోధించారని చెప్పాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే యెషయా నబీ గ్రంథం రక్తం నిండిన చేతులు చాచి చేసే దువా ఖుబూల్ కాదని, ముందు వాటిని కడుక్కుని జుల్మ్ మానమని, యతీములకు న్యాయం చేయమని హెచ్చరించింది.

ఇల్లు కూలిన తర్వాత

క్రీ.శ. 70లో రోమన్ సైన్యం బైతుల్ మఖ్దిస్‌ను తగలబెట్టింది. ఒక్కసారి ఆలోచించండి. బలిపీఠం లేదు. ఇత్తడి గంగాళం లేదు. ఎర్ర ఆవు బూడిద కొంతకాలానికి అయిపోయింది, కొత్తది తయారుచేసే దారి లేదు. తహారత్ మసాయిల్‌లో ఎక్కువ భాగం ఆ ఇంట్లో అడుగుపెట్టడం కోసమే. ఇల్లే లేనప్పుడు పాక్‌గా ఉండి ఎక్కడికి వెళ్లాలి?

ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో ముందున్నది యోహనాన్ బెన్ జక్కాయ్. ఎర్ర ఆవు రివాయత్‌లో చూశామే, ఆయనే. యవ్నే అనే ఊళ్లో మదరసా నడిపాడు. శిథిలాలను చూసి, మా గునాహ్‌లకు కఫ్ఫారా జరిగే చోటు పోయిందే అని ఆయన షాగిర్ద్ ఏడిస్తే, మనకు దానితో సమానమైన కఫ్ఫారా ఇంకొకటి మిగిలింది, మనుషుల పట్ల దయ అని ఓదార్చాడంటారు. బలిపీఠం ఉన్నప్పుడు అది కఫ్ఫారా, ఇప్పుడు మనిషి దస్తర్‌ఖానే అతని కఫ్ఫారా అని తల్మూద్ ఉలమా అన్నారు. దస్తర్‌ఖాన్ అంటే మెహమాన్లకు, ఆకలిగొన్నవాళ్లకు పెట్టే భోజనం.

అందుకే యాజకుల చేతులు కడగడం ప్రతి ఇంటి భోజనంలోకి వచ్చింది. రొట్టె తినే ముందు లోటాతో చేతుల మీద నీళ్లు పోసుకుని దువా చదవడం ఈరోజుకీ ప్రతి దీన్‌దార్ యూదు ఇంట్లో ఉంది. నిద్ర లేవగానే, ఖబరస్తాన్ నుంచి తిరిగొచ్చినప్పుడు కూడా చేతులు కడుగుతారు. భార్యాభర్తల జీవితంలో హైజ్ తర్వాతి మునక నిలిచింది. అన్యమతస్థుల దగ్గర కొన్న లోహపు, గాజు గిన్నెలను మిక్వేలో ముంచాకే వాడటం నిలిచింది. ఒకప్పుడు మఖ్దిస్ గుమ్మం దగ్గర ఉన్న తహారత్ ఇప్పుడు వంటింట్లో, పడగ్గదిలో, మంచం పక్కన పెట్టుకున్న చిన్న లోటాలో ఉంది. కాపలా కాసింది కూడా ఎక్కువగా ఆడవాళ్లే. ఎక్కడ స్థిరపడ్డా కొత్త జమాఅత్ ముందు మిక్వే కట్టుకోవాలి, అవసరమైతే సినగాగ్‌ను అమ్మైనా సరే కట్టాలన్నది వాళ్ల ఫిఖ్హ్ మాట.

కైద్‌ఖానాలో లోటెడు నీళ్లు

రెండో శతాబ్దంలో రబ్బీ అకీవాను రోమన్లు ఖైదు చేశారు, చివరికి చంపేశారు. తల్మూద్‌లో ఆయన చెరసాల రోజుల రివాయత్ ఒకటుంది. యెహోషువా అనే షాగిర్ద్ రోజూ కొలిచి నీళ్లు తెచ్చేవాడు. ఒకరోజు కాపలావాడు, ఇన్ని నీళ్లెందుకు, చెరసాల గోడలు తవ్వడానికా అని సగం పారబోశాడు. మిగిలిన సగంతో అతను లోపలికి వస్తే, చేతులు కడుక్కుంటాను పొయ్యి అన్నాడు అకీవా. తాగడానికే చాలవు, కడుక్కోవడానికి ఎక్కడివి అన్నాడు షాగిర్ద్. సాటి ఉలమా ఇచ్చిన హుకుం దాటడం కంటే ఆకలితో చావడం మేలన్నాడు ముసలాయన. చేతులకు నీళ్లు వచ్చేదాకా ముద్ద ముట్టలేదు.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలని నేను చాలాసేపు ఆలోచించాను. ప్రాణాపాయంలో సడలింపు యూదు ఫిఖ్హ్‌లోనూ ఉంది. అకీవా చేసింది అందరికీ ఫర్జ్ కాదు. కానీ మఖ్దిస్ కూల్చినవాడు, మదరసాలు మూయించినవాడు, ఖైదు చేసినవాడు అన్నీ లాక్కున్నా రెండు గుక్కెళ్ల నీళ్లతో ఏం చేయాలో నిర్ణయించే హక్కు మాత్రం లాక్కోలేకపోయాడు.

నీళ్లే దొరకకపోతే? అదే తల్మూద్‌లో ఆ మసలా కూడా ఉంది. నమాజుకు ముందు నీళ్లు లేనివాడు మట్టితోనో, గులకరాయితోనో, చెక్కపొట్టుతోనో చేతులు తుడుచుకోవచ్చు. మన తయమ్ముమ్‌కూ దీనికీ విధానంలో తేడా ఉన్నా పోలిక స్పష్టం. నమాజుకు ముందు మనసును సిద్ధం చేసుకోవడానికి పూర్వకాలపు పుణ్యాత్ములు ఒక గంట ఊరికే కూర్చునేవాళ్లని మిష్నా చెబుతుంది. మనం నియ్యత్ అనేదానికి దగ్గరి మాట వాళ్ల కవానా.

ఖాహిరాలో ఒక గొడవ

రెండు ఉమ్మత్‌లు పక్కపక్కన బతికిన కాలంలో ఏం జరిగింది? ఖుర్తుబాలో పుట్టి మిస్ర్‌లో స్థిరపడిన మూసా బిన్ మైమూన్ (మరణం 1204) అయ్యూబీ దర్బారులో హకీం, యూదుల్లో అతిపెద్ద ఫఖీహ్. ఉదయపు నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడగాలని ఆయన రాశాడు. తన బృహద్గ్రంథంలో తహారత్ భాగం ముగిస్తూ, నాపాకీ నీళ్లతో పోయే బురద కాదని, అంతా హుకుం, దిల్ నియ్యత్ మీద ఉందని, చెడు ఆలోచనలు పోవాలంటే మనసును ఇల్మ్ అనే నీళ్లలో ముంచాలని వివరించాడు.

ఆయన కొడుకు ఇబ్రాహీం (1186-1237) ఇంకా ముందుకు వెళ్లాడు. మిస్ర్ యూదులకు పెద్దగా ఉంటూ అరబీలో పెద్ద గ్రంథం రాశాడు. నమాజుకు ముందు కాళ్లు కూడా కడగడం, సజ్దా, వరుసల్లో కూర్చోవడం తిరిగి తేవాలని పట్టుబట్టాడు. ముస్లిం సూఫీలను బాహాటంగా మెచ్చుకున్నాడు. ఇవి మన నబీల పాత పద్ధతులే, మనం పోగొట్టుకున్నాం, వాళ్లు కాపాడారని ఆయన వాదన. ప్రత్యర్థులు ఊరుకోలేదు. ఇది బిద్అత్ అని సుల్తాన్ అల్ మలిక్ అల్ ఆదిల్ దాకా ఫిర్యాదు తీసుకెళ్లారు. ఒక యూదు ఆలిమ్ కాళ్లు కడుక్కోవాలా వద్దా అనేది ముస్లిం సుల్తాన్ దర్బారులో తేలవలసిన మసలా అయ్యింది! ఆయన తీసుకొచ్చిన పద్ధతులు తర్వాత ఎక్కువకాలం నిలవలేదు.

ఆ తర్వాత స్పెయిన్‌లో రెండు ఉమ్మత్‌లకూ కష్టకాలం వచ్చింది. 1492లో గర్నాతా పడిపోయింది, అదే ఏడు యూదులకు దేశం విడవాలనే ఫర్మానా వచ్చింది. బలవంతంగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ల మీద ఇంక్విజిషన్ నిఘా పెట్టింది. మయ్యత్‌కు వేడినీళ్లతో స్నానం చేయించడం రహస్యంగా యూదులుగా ఉన్నారనడానికి గుర్తు. చేతులు, ముఖం, కాళ్లు ఒక క్రమంలో కడగడం రహస్యంగా ముస్లింలుగా ఉన్నారనడానికి గుర్తు. 1567లో గర్నాతా మోరిస్కోల హమ్మాంలనే నిషేధించారు. శుభ్రంగా ఉండటమే నేరానికి సాక్ష్యమైన రోజులవి.

నీళ్లు కడగలేనిది

చివరిగా మయ్యత్ సంగతి. యూదుల్లో ఎవరైనా చనిపోతే జమాఅత్‌లోని కొందరు ముందుకొచ్చి, మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు స్నానం చేయిస్తారు. దాని పేరు కూడా తహరాయే. తర్వాత తెల్లని సాదా కఫన్. ఒకప్పుడు ధనవంతుల జనాజాల ఆర్భాటం చూసి పేదలు సిగ్గుపడి మయ్యత్‌లను వదిలి పారిపోయే పరిస్థితి వచ్చిందట. అప్పుడు రబ్బన్ గమలియేల్ అనే పెద్ద, తనను మామూలు నార బట్టలో సాగనంపమని వసీయత్ చేశాడు. అదే అందరికీ రివాజ్ అయ్యింది. మన జనాజా చూసిన ఎవరికైనా ఇది కొత్తగా అనిపించదు.

మిష్నాలో యోమ్ కిప్పూర్ గ్రంథం చివర రెండు మాటలు పక్కపక్కన ఉన్నాయి. మిక్వే నాపాక్ అయినవాణ్ణి పాక్ చేసినట్టే రబ్ తన బందాలను పాక్ చేస్తాడన్నది అకీవా మాట. దాని పక్కనే ఒక షరతు ఉంది. బందాకూ రబ్‌కూ మధ్య ఉన్న గునాహ్‌లకే యోమ్ కిప్పూర్ కఫ్ఫారా. మనిషికీ మనిషికీ మధ్య ఉన్నవాటికి, నష్టపోయినవాణ్ణి వెళ్లి ఒప్పించుకునేదాకా కఫ్ఫారా లేదు. మనం హుఖూఖుల్ ఇబాద్ అనేది ఇదే.

అయిదు మునకలు వేసిన ప్రధాన యాజకుడికీ, రోజుకు అయిదు సార్లు వుజూ చేసే మనకూ ఈ షరతు ఒక్కటే. అప్పు ఎగ్గొట్టిన చెల్లెలి ఇంటికి, మాట తూలిన పక్కింటికి నీళ్ల లోటా పట్టుకెళ్తే లాభం లేదు, మనిషిగా వెళ్లి అడగాలి. అల్లాహ్ మనకు ఆ తౌఫీఖ్ ఇవ్వుగాక. ఆమీన్.